గట్టు ఎక్కేముందు కేక

మా ఆవిడ మూడుసార్లు పిలిచినా నా చెవులకు వినపడదు. పక్కింట్లో పెళ్ళిబ్యాండు మోగినా నా నిద్ర చెడదు. కానీ రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఆగితే మాత్రం మూడు ఊళ్ళ అవతల ఉన్నా లేచి కూర్చుంటాను. నీళ్ళను చిలుకుతూ వాటిలో గాలి కలిపే ఆ చక్రాల చప్పుడు అలవాటైనవాడికి చప్పుడు వినపడదు, అది ఆగడమే వినపడుతుంది. మొన్న దివిసీమలో, హంసలదీవి వెళ్ళే దారిలో ఒక చెరువు గట్టు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాను. పద్నాలుగో ఇడ్లీ. తిండి తగ్గించిన రోజులవి. ఉన్నట్టుండి చక్రాలన్నీ ఒక్కసారే నిలబడిపోయాయి. నీళ్ళ మీద నిశ్శబ్దం నూనెలా పరుచుకుంది. ప్లేటు ఎక్కడ పడిందో, చట్నీ ఎవరిని అభిషేకించిందో తెలియదు. తెలివి వచ్చేసరికి గట్టు అంచున ఒక చెప్పు విడిచేసి నిలబడి ఉన్నాను. పోయింది కరెంటే. పది లెక్కపెట్టేలోపు జనరేటర్ అందుకుంది, చక్రాలు మళ్ళీ తిరిగాయి. చెరువు కాపలా చూసే వెంకన్న చొక్కా మీద చట్నీ తుడుచుకుంటూ, "ఏంటండీ బాజీ గారూ, దూకేస్తారా ఏంటి" అన్నాడు. ఆ పది అంకెల్లో నేను చైనా వెళ్ళి వచ్చానని అతనికేం తెలుసు. ఒక్కణ్ణీ కాదు, దేవదానం గారితో.

దేవదానం గారిని మీరు చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోయి ఉండరు. మనిషి ఐదడుగులు, అందులో ఒక అడుగు మీసం. తెల్లటి ఆ మీసం రెండు చివర్లూ చెవుల దాకా వెళ్ళి యోగక్షేమాలు కనుక్కుని తిరిగి వచ్చేవి. పుట్టింది మొవ్వ చుట్టుపక్కల, కాపురం గుడివాడలో. ఆదివారం చర్చిలో ఆయన గొంతెత్తితే పాస్టరు గారు కరెంటు ఆదా అవుతుందని మైకు ఆపేసేవారట. వరిచేలు రొయ్యల చెరువులుగా మారిన తొలినాళ్ళ నుంచీ ఆయన నీళ్ళలోనే ఉన్నారు. చెరువు నీళ్ళు అరచేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఆ చెరువుకు రాబోయే వారం జాతకం చెప్పేవారు. ల్యాబ్ రిపోర్టు రెండురోజుల తర్వాత వచ్చి, అవునండీ, నిజమేనండీ అని తల ఊపేది. మా రొయ్యల మేత కంపెనీలో ఆయన సూపర్‌వైజరు. నేను ఆయన కింద కొత్తగా చేరిన కుర్రాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి.

ఆ వయసులో కొత్త ఉద్యోగం ఎందుకంటే, పాతవన్నీ నన్ను వదిలేసి వెళ్ళిపోయాయి. మాది బందరు. మా నాన్న రోల్డ్ గోల్డ్ గాజులకు మెరుగు పెట్టేవాడు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ చేతులు మెరిపించాడు గానీ నాకు మాత్రం మెరుగు ఎక్కించలేకపోయాడు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, బరువు నూటపదకొండు కిలోలు, గుండెల మీదికి దిగిన గడ్డం, అమావాస్య కూడా చూసి అసూయపడే రంగు. ఇంత సరంజామా ఉన్నవాడికి ఒక రహస్యం ఉంది. నలుగురు నావైపు చూస్తే నాకు కాళ్ళు చల్లబడతాయి. బళ్ళో గ్రూపు ఫోటోకి స్తంభం వెనక నిలబడ్డాను. స్తంభానికి రెండు పక్కలా కనపడుతున్నానని ఫోటోగ్రాఫరు తిట్టాడు. నా పెళ్ళిలో ఫోటోలకు నాకంటే నా తమ్ముడు ఎక్కువసార్లు నిలబడ్డాడు. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో నెలకోసారి చర్చకు వస్తుంది.

అలాంటివాణ్ణి, కరోనాకు ఓ రెండేళ్ళ ముందు, కంపెనీ చైనా పంపింది. దేవదానం గారితో మూడు నెలలు. దక్షిణాన గువాంగ్‌డాంగ్ సముద్రతీరంలో చిన్న రైతులు రొయ్యల్ని ఎలా పెంచుతున్నారో ఊరూరా తిరిగి చూసి, రాసుకుని రావాలి. చూడడం ఆయన పని, రాయడం నా పని. నా ఉద్యోగం ఖాయం కావడం ఆ రాత మీదే ఉంది. బయల్దేరిన రోజు మా వీధి వీధంతా రైల్వేస్టేషన్‌కు వచ్చింది. మా నాన్న "మావాడు చైనా వెళ్తున్నాడు" అని పాలవాడితో అన్నాడు, పోస్ట్‌మేన్‌తో అన్నాడు, టికెట్ కలెక్టరుతో అన్నాడు, ఆ ఊపులో నాతో కూడా అన్నాడు. ఐదు కిలోల బందరు లడ్డూ సంచిలో కుక్కారు. అంత సాగనంపు తర్వాత గడువుకు ముందే తిరిగి వస్తే బందరులో రైలు దిగడానికి మొహం చెల్లదు. గుడివాడలోనే దిగిపోయి పేరు మార్చుకుని బతకాలి.

అక్కడి ఆఫీసువాళ్ళు మాకు కారు ఇస్తామన్నారు. దేవదానం గారు ఒప్పుకోలేదు. "కార్లో పోతే మనకి చెరువు కనపడుద్ది గానీ, చెరువోడికి మనం కనపడం" అన్నారు. రెండు సైకిళ్ళు తెప్పించారు. ఆయనకు సరిపోయే సైకిలు దొరికింది. నాకు దొరికినదాని మీద నేను కూర్చుంటే, ఏనుగు ఓ చేతిగాజు మీద కూర్చుని దొర్లుకుంటూ వస్తున్నట్టు ఉందని ఆయనే చెప్పారు. లియాంగ్ అనే యాభై ఏళ్ళ పెద్దమనిషి మాకు దుబాసీ. ఆయన స్కూటరు మీద, తొమ్మిది గంటలకు, టిఫిను తృప్తిగా ముగించుకున్నాకే మేమున్న ఊరికి వచ్చేవారు. అప్పటిదాకా మా తిప్పలు మావి.

మన డెల్టాలో చెరువుల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి గట్టూ ఊరికే ఎక్కకూడదు. చెరువంటే రైతు తన ప్రాణం తీసి నీళ్ళలో దాచుకున్న చోటు. చడీచప్పుడు లేకుండా గట్టెక్కేవాడు దొంగైనా అయి ఉండాలి, మందు కలపడానికి వచ్చిన పగవాడైనా అయి ఉండాలి. అందుకని యాభై గజాల దూరంలోనే ఆగి, టోపీ గానీ తలగుడ్డ గానీ తీసి, మొహం కనపడేలా నిలబడి, పేరూ ఊరూ కేక వెయ్యాలి. అవతలినుంచి "రండి" అని వినపడ్డాకే కాలు పెట్టాలి. ఈ పద్ధతిని దేవదానం గారు విమానం ఎక్కించి చైనా తీసుకువెళ్ళారు. మొదటి ఊళ్ళో మొదటి చెరువు కనపడగానే సైకిలు దిగారు, టోపీ తీసి బుట్టలో పెట్టారు, బెల్లు రెండుసార్లు మోగించారు. గుండెనిండా గాలి పీల్చి, "దేవదానమండీ, గుడివాడ" అని కేక వేశారు. నాలుగు చెరువుల మీది కొంగలు ఒక్కసారిగా లేచి వియత్నాం వైపు వెళ్ళిపోయాయి. పాకలోంచి ఒక రైతు అన్నం గిన్నెతో, అన్నం తినే పుల్లలు సగం నోట్లో ఉండగానే బయటికి వచ్చి అలాగే ఉండిపోయాడు.

"మావయ్య గారూ, వీళ్ళకి తెలుగు రాదండీ" అన్నాను మెల్లగా.

"రాకపోతే పోనీ అల్లుడూ. దొంగ కేకెయ్యడని ఏ భాషోడికైనా తెలుసుద్ది."

ఆ రైతు పుల్లలు నోట్లోంచి తీసి, వాటితోనే రమ్మని ఊపాడు. ఆయనకు కూతుళ్ళు లేరు. నన్ను అల్లుడూ అని ఎందుకనేవారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మొదటిరోజే అన్నారు, అలా ఉండిపోయింది.

చెరువుల దగ్గర బాగానే ఉండేది. ఊళ్ళలోనే నా పని అయిపోయేది. వరి, చెరుకు, అరటి, బాతులు, మురిక్కాలవ మీద చెక్కపలక వంతెన. అన్నీ మన ఘంటసాల దారిలో ఉన్నట్టే ఉండేవి, మనుషులు మాత్రం నన్ను చూసి ఆగిపోయేవారు. పేకాట ఆగిపోయేది. మంగలివాడి కత్తి సగం గడ్డంలో ఆగిపోయేది. ఒక ఊళ్ళో, నేను ప్రమాణం చేసి చెప్పగలను, వెళ్తున్న కోడి ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి వచ్చేవారు. ఒక ముసలమ్మ నా ముంజేతిని వేలితో రుద్ది, వేలు చూసుకుంది, రంగు అంటలేదని నిరాశపడింది. ఒక పెళ్ళివారు మమ్మల్ని రోడ్డు మీదే ఆపి, నన్ను పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఏ ఇంటి గోడమీదో ఆ ఫోటో ఇవాళ్టికీ ఉండే ఉంటుంది. నా పెళ్ళి ఫోటోలకన్నా అందులోనే నేను బాగా పడి ఉంటాను. ఎవరూ కీడు తలపెట్టలేదు. బొప్పాయిలు ఇచ్చారు, వేడినీళ్ళు ఇచ్చారు, కుర్చీలు ఇచ్చారు. రెండు కుర్చీలు విరిగాయి కూడా. దేవదానం గారు మాత్రం ఊరు రాగానే టోపీ తీసి, రెండు బెల్లులు కొట్టి, మీసం దువ్వుకుని, పెళ్ళికొడుకు ఊరేగినట్టు వెళ్ళేవారు. మీసం పట్టుకుని చూస్తామని ముసలాళ్ళు అడిగితే వంగి అందించేవారు. నేను ఆయన వెనక హ్యాండిలు వంక చూస్తూ, ఆ ఊరికి రెండో చివర ఎప్పుడు వస్తుందా అని తొక్కేవాణ్ణి. ఆఖరికి ఊళ్ళ బయటే ఆగిపోవడం మొదలుపెట్టాను. ఊళ్ళోకి వెళ్ళకపోతే రైతులతో మాట లేదు, మాట లేకపోతే రాత లేదు. పదిహేను రోజుల్లో నా నోటుబుక్కులో నిండినవి రెండు పేజీలు. అందులో ఒక పేజీ బొప్పాయిల గురించి.

పదహారోరోజు సాయంత్రం లాడ్జిలో కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాను. ఆరోగ్యం బాగాలేదు, దయచేసి వెనక్కి పిలిపించండి, అని. ఆ కాగితం వెళ్తే ఉద్యోగం వెళ్తుందని నాకు తెలుసు. పైఅధికారి సంతకం లేకుండా కాగితం కదలదు కాబట్టి ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివారు.

"ఏంటి రోగం?"

"చూస్తున్నారండీ."

"ఎవరు?"

"అందరూనండీ."

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. "రేపూ ఎల్లుండీ వెళ్దాం. ఈ మూల ఆఖరి ఊరు చూశాక అడుగు. అప్పటికీ ఇదే మాటంటే సంతకం పెడతా. నాదే తప్పని కూడా రాస్తా. నీ ఉద్యోగం పోకుండా చూస్తా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఒక కల్వర్టు మీద నీడలో కూర్చున్నాం. ఆఖరి ఐదు లడ్డూల్లో ఒకటి ఆయన చేతిలో ఉంది. పదిహేడు రోజులకు అది రాయిలా తయారైంది. కొరకడానికి ఆయన కల్వర్టు అంచుకు కొట్టి పగలగొట్టారు. అప్పుడు చెప్పారు. ఆయన పుట్టిన ఊళ్ళో, పేరు అక్కర్లేదు, పెద్దబజారు మీదుగా వాళ్ళ పేటవాళ్ళు సైకిలు తొక్కకూడదట. దిగి, నడిపించుకుంటూ పోవాలి. పది పాసైనందుకు వాళ్ళమ్మ కోతకూలి దాచి పాత సైకిలు కొనిపెట్టింది. మొదటి వారమంతా నడిపించుకుంటూనే కాలేజీకి వెళ్ళి వచ్చారట.

"ఒకరోజు దిగలేదు" అన్నారు. "కావాలని కూడా కాదల్లుడూ. దిగేచోటు వచ్చింది, కాలు కింద పెట్టబుద్ధి కాలా. అరుగుల మీద మాటలాగిపోయినై. ఆ చివర్నించి ఈ చివరికి నలభై ఇళ్ళు. ఒక్కళ్ళూ నోరెత్తలా. చూశారు. బెల్లు కొట్టా, రెండుసార్లు."

"ధైర్యంగానాండీ?"

"భయంతో. చేతులు వణికి బెల్లు అదే మోగింది. తర్వాత బానే ఉందనిపించి రోజూ కొట్టా."

"ఏం చెయ్యలేదాండీ వాళ్ళు?"

"మా నాన్నని పనిలోంచి మానిపించారు. మూణ్ణెల్లు. మా నాన్న నన్ను దిగమని ఒక్క మాటనలా." లడ్డూ ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించారు. "చూపుల్లో తేడా ఉంటది. అక్కడ వాళ్ళు 'వీడెందుకు' అని చూశారు. ఇక్కడ వీళ్ళు 'వీడెవరు' అని చూస్తున్నారు. ఎవరని అడిగినోడికి పేరు చెప్పడానికి నీకేంటి నొప్పి?"

ఈ మాట విన్నాక నేను మారిపోయానని రాస్తే కథ బాగుంటుంది. మారలేదు. ఆయన పడ్డదాని ముందు నాదెంత అని సిగ్గు మాత్రం వేసింది. సిగ్గుకు సిగ్గు తోడైతే మనిషి ఇంకా ముడుచుకుంటాడు. ఆ సాయంత్రం ఆయనకు ఒక ఉపాయం చెప్పాను. ఆఖరి ఊరికి తెల్లవారకముందే బయల్దేరదాం, జనం లేచేలోపు దాటేద్దాం, చెరువుల దగ్గర లియాంగ్ కోసం ఆగుదాం. ఆయన నావంక చూసి, "నీ ఇష్టం" అన్నారు. మర్నాడు నాలుగున్నరకు నేను తయారయ్యాను. తలకు టోపీ, దానిమీద జాకెట్టు ముసుగు, మూతికి గుడ్డ, కళ్ళకు నల్లద్దాలు. సూర్యుడు కూడా ఇంకా రాలేదు, నల్లద్దాలు మాత్రం వచ్చేశాయి. దారిలో మూడుసార్లు కంచెలోకి వెళ్ళాను.

తూర్పు తెల్లబడుతుండగా ఆ చెరువు దగ్గరికి చేరాం. ఇద్దరం ఒక్కసారే బ్రేకు వేశాం. చప్పుడు లేదు. అంత పెద్ద చెరువులో ఆరు ఏరియేటర్లు, ఆరూ కదలకుండా నిలబడి ఉన్నాయి. నీళ్ళ అంచు పొడవునా చినుకులు పడుతున్నట్టు చిటపట. వాన లేదు. రొయ్యలు పైకి తేలి, ఊపిరి అందక ఒడ్డుకు చేరుతున్నాయి. గంట ఆలస్యమైతే నాలుగు నెలల పంట మొత్తం తెల్లగా తిరగబడుతుంది.

దేవదానం గారు టోపీ తీశారు. "దేవదానమండీ, గుడివాడ." పలుకు లేదు. మళ్ళీ వేశారు. మూడోసారీ వేశారు. కాపలా పాకకు బయట గొళ్ళెం ఉంది. యాభైఏడేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళలో ఎవరూ "రండి" అనకుండా ఏ గట్టూ ఎక్కని మనిషి, ఒక్క క్షణం ఆగారు. "తప్పే. తర్వాత చెప్పుకుందాం" అని చెప్పులు విడిచి, చొక్కాతోనే నడుం లోతు నీళ్ళలోకి దిగిపోయారు. రెండు చేతులతో నీళ్ళు చరచడం మొదలుపెట్టారు. కరెంటు పోయిన రోజున మన చెరువుల్లో చేసే పని అదే. పేటంతా దిగి కాళ్ళతో చేతులతో నీళ్ళను కలియబెట్టాలి, గాలి కలపాలి. దానికి ముప్పైమంది కావాలి. అక్కడున్నది ఒకరు. నేను కూడా దిగబోయాను.

"నువ్వొద్దు. ఊళ్ళోకెళ్ళు. జనాన్ని తీసుకురా."

"భాష రాదండీ."

"భాషెందుకు? నిన్ను చూస్తే వస్తారు. పద్దెనిమిది రోజుల్నించి వస్తూనే ఉన్నారుగా. ఇవాళ పనికొస్తారు." చేతికందిన నాలుగు రొయ్యల్ని తీసి నా చేతిలో పెట్టారు. "ఇవి చూపించు."

అర కిలోమీటరు దూరాన్ని ఆ సైకిలు మీద నేను తొక్కిన వేగానికి వెనక చక్రం ఇప్పటికీ వేడిగా ఉండి ఉంటుంది. ఊరు అప్పుడే లేస్తోంది. కొట్టు ముందు బల్లల మీద ముసలాళ్ళు గంజి తాగుతున్నారు. ఆడవాళ్ళు పంపు దగ్గర ఆకుకూర కడుగుతున్నారు. ఇరవైమంది దాకా ఉన్నారు. మధ్యలో సైకిలు ఆపాను. ఒకరు తల ఎత్తారు, మళ్ళీ గంజిలోకి దించుకున్నారు. టోపీ, ముసుగు, గుడ్డ, అద్దాలు. ఎవరో బస్తీ మనిషి, చలికి ముసుగేసుకుని పోతున్నాడు. పద్దెనిమిది రోజులుగా ఏ వరం కోసం ఏడ్చానో అది ఆ క్షణంలో నాకు దొరికింది. ఎవరూ నన్ను చూడడం లేదు. చేతిలో రొయ్య ఒకటి తోక కొట్టుకుంది.

టోపీ తీశాను. గుడ్డ తీశాను. నల్లద్దాలు తీశాను. జాకెట్టు విప్పి కింద పడేశాను. బెల్లు రెండుసార్లు కొట్టాను. నా గొంతులో అంత గొంతు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"బాజీనండీ, బందరు."

గంజిగిన్నెలు గాలిలో ఆగిపోయాయి. ఇళ్ళల్లోంచి మనుషులు వచ్చారు, మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి, ఫోన్లు పైకి లేచాయి. లియాంగ్ దగ్గర నేర్చుకున్న మూడు చైనా ముక్కలూ అన్నాను; ఆ ఊరి యాసలో మూడూ చెల్లలేదు. చేతులతో చక్రం తిప్పి చూపించాను, ఆపి చూపించాను. రొయ్యలా మూతి పైకెత్తి, నూటపదకొండు కిలోలూ ఎగిరెగిరి, ఊపిరి అందక కొట్టుకున్నాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను, నవ్వేవాళ్ళు చూస్తున్నవాళ్ళే కదా. అప్పుడు అరచెయ్యి చాపాను. పంపు దగ్గరున్న ఒకావిడ, నలభై ఐదేళ్ళుంటాయి, దగ్గరికి వచ్చి నా మొహం చూడలేదు, చేతిలోకి చూసింది. పాలిపోయిన ఆ రొయ్యల్ని చూసింది. ఆకుకూర అక్కడే పడేసి చెరువు వైపు పరుగు తీసింది. ఆమె వెనక నలుగురు. ఆ నలుగురి వెనక ఊరు ఊరంతా. కొందరు ఆమె కోసం, కొందరు రొయ్యల కోసం, ఎక్కువమంది నన్నింకాస్త చూద్దామని. ఎందుకైతేనేం, వచ్చారు.

చెరువు దగ్గరికి వెళ్ళేసరికి ఆమె చేతిలోకి ఒక గెడకర్ర వచ్చింది. తన చెరువు నీళ్ళలో మీసాల మనిషిని చూసి గెడ ఎత్తింది కూడా. అంతలో ఆయన చేస్తున్న పని చూసింది. గెడ పారేసి తనూ దిగింది. తర్వాత ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేకపోయింది. ముప్పైమంది దిగారు. నేను దిగితే నీటిమట్టం జానెడు లేచిందని దేవదానం గారు చివరిదాకా వాదించేవారు. అరగంట చరిచాం, తొక్కాం, కలియబెట్టాం. ఎవరో స్తంభం దగ్గర మాడిపోయిన ఫ్యూజు కనిపెట్టి తీగ మార్చారు. ఆరు చక్రాలూ గురగుర తిరిగాయి. ఆ చప్పుడుకు అందరం గట్టు మీద కూలబడ్డాం. పంటంతా మిగలలేదు. ఒడ్డున చాలా తెల్లబడ్డాయి. ఆమె వాటిని చూస్తూ కాసేపు కూర్చుంది, తర్వాత లేచి మిగిలిన చెరువును చూసింది, అందరికీ గంజి తెప్పించింది.

తొమ్మిదికి లియాంగ్ గారు స్కూటరు మీద, టిఫిను తృప్తిగా ముగించుకుని వచ్చారు. ఊరంతా బురదలో కూర్చుని ఉండడం చూసి ముందు మాకే ఏదో అయిందనుకున్నారు. దేవదానం గారు ఆయనతో, "పిలవకుండా గట్టెక్కానని ఆమెకి చెప్పండి. తప్పయింది" అన్నారు. ఆమె తలూపి ఏదో చెప్పింది. లియాంగ్ తన ఇంగ్లీషులో మాకు చెప్పారు. ముందు మిమ్మల్ని దొంగ అనుకుందట, కానీ దొంగయితే ఇంకో దొంగను ఊరి నడిబొడ్డున మొహం చూపించి కేకలెయ్యమని పంపడు కదా అనుకుందట. దేవదానం గారు నావంక చూసి మీసం ఒక చివర సవరించుకున్నారు. అప్పుడు ఆమె తీరిగ్గా నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఇంకో ప్రశ్న వేసింది.

"మీ బరువెంతని అడుగుతోంది" అన్నారు లియాంగ్.

చెప్పాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. మిగిలిన నాలుగు లడ్డూలు తీసి గట్టుకు కొట్టి పగలగొట్టి పంచాను. ఫోటోలకు, స్తంభమేమీ లేని చోట, మధ్యలో నిలబడ్డాను.

ఎండెక్కాక దేవదానం గారు తడిచొక్కా విప్పి గట్టు మీద ఆరేస్తూ జేబులోంచి కాగితం తీశారు. నాలుగు మడతలు జాగ్రత్తగా విప్పారు. సిరా అంతా కరిగి నీలంగా చెరువు రంగైపోయింది. ఒక్క అక్షరం లేదు.

"ఆఖరి ఊరు అయిపోయింది. ఏం రాశావో చెప్పు, సంతకం పెడతా" అని పెన్ను తీశారు.

"గుర్తులేదండీ" అన్నాను.

మూడు నెలలూ పూర్తయ్యాయి. నోటుబుక్కులు నాలుగు నిండాయి, బొప్పాయిలు కాక. బందరు స్టేషన్లో దిగినప్పుడు మా నాన్న "మావాడు చైనానుంచి వచ్చాడు" అని మళ్ళీ పోర్టరు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. దివిసీమలో ఇప్పుడు నన్ను చైనా బాజీ అంటారు. మోటారుసైకిలుకు ఆ సైకిలు బెల్లు బిగించుకున్నాను. హారన్ ఉంది కదండీ అని అడిగేవాళ్ళకు, ఉంది అని చెబుతాను. ఊరు రాగానే హెల్మెట్ తీసేస్తాను. పోలీసులకు రెండుసార్లు ఈ చరిత్రంతా చెప్పాను. రెండోసారి వాళ్ళే వద్దని పంపేశారు.

దేవదానం గారు పోయి రెండేళ్ళయింది. గుడివాడ మీదుగా వెళ్ళినప్పుడు ఊరి చివర సమాధుల తోట దగ్గర ఆగుతాను. మొదటిసారి ఆగిన రోజు గేటు తీసే ఉంది, లోపల ఎవరూ ఉన్నట్టు లేరు. కాలు పెట్టబోయి ఆగాను. యాభై గజాలు వెనక్కి వచ్చాను. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, బెల్లు రెండుసార్లు కొట్టి, "బాజీనండీ, బందరు" అని కేక వేశాను. రోడ్డు మీద ఆటో ఆగింది, అందులో ఏడుగురూ మెడలు బయటపెట్టి చూశారు. ఎదురుగా టీకొట్టు మొత్తం లేచి నిలబడి చూసింది. నేను అలాగే నిలబడ్డాను.

లోపల గోడవారగా గడ్డి కోస్తున్న మనిషెవరో కొడవలి ఆపి, తల ఎత్తకుండానే, "రండి" అన్నాడు.

కాలు పెట్టాను.